ఖాళీ తూటాలు, నిర్వీర్యమైన గుండ్ల సేకరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

చాలా ఏళ్లుగా ఇంగ్లండ్‌లో ఉంటూ మొదటి, రెండో ప్రపంచ యుద్ధాల నాటి ఖాళీ తూటాలు, ఫిరంగి కేసులు (మందు నింపే ఇత్తడి తొడుగులు) సేకరిస్తున్నాను. ఈ విషయం తెలిసిన తెలుగువాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. భారతదేశంలో ఉన్నవాళ్లు రెండో ప్రశ్న చదవకుండా మాత్రం ఏదీ కొనొద్దు.

అసలు ఇందులో సేకరించేది ఏమిటి?

పేలుడు మందు లేని సైనిక వస్తువులు. పేల్చేశాక మిగిలిన ఇత్తడి తూటా కేసులు, ఫిరంగి షెల్ కేసులు, లోపల ఏమీ లేని గుండ్లు, ఫ్యూజుల (గుండును పేల్చే అమరికల) ఖాళీ భాగాలు, సైనికుల శిక్షణ కోసం మొదట్నుంచీ మందు లేకుండానే చేసిన డ్రిల్ రౌండ్లు, లోపలి అమరిక కనబడేలా నిలువునా కోసిన నమూనాలు. కొందరు ఒక్క క్యాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం) పట్టుకుని జీవితమంతా దాని మీదే ఉంటారు. కొందరికి గ్రెనేడ్లే లోకం. ఇంకొందరికి గుండు కంటే దాన్ని పెట్టి పంపిన చెక్కపెట్టె, దాని మీద అంటించిన చీటీ ముఖ్యం. అమెరికాలో ఇంటర్నేషనల్ అమ్యూనిషన్ అసోసియేషన్, యూరప్‌లో యూరోపియన్ కార్ట్రిడ్జ్ రీసెర్చ్ అసోసియేషన్ లాంటి సంఘాలు పనిచేస్తున్నాయి. వాటిలో ఉండేది ఎక్కువగా చదివేవాళ్లు, కొలిచేవాళ్లు, రాసుకునేవాళ్లు. తుపాకీ పట్టాలన్న కోరికకూ దీనికీ పెద్దగా సంబంధం లేదు.

ఇండియాలో ఇది చట్టబద్ధమేనా?

"మందు లేదు కదా, ఇత్తడి ముక్కే కదా" అనుకుని చాలామంది పొరబడేది ఇక్కడే. 1959 నాటి ఆయుధాల చట్టంలో "అమ్యూనిషన్" నిర్వచనం చాలా పెద్దది. తుపాకీ తూటాలతో పాటు రాకెట్లు, బాంబులు, గ్రెనేడ్లు, షెల్లులు, ఫ్యూజులు అందులో ఉన్నాయి. పేలుడు పదార్థం ఉన్న వస్తువులే కాదు, దాన్ని నింపడానికి తయారుచేసిన వస్తువులు కూడా ఉన్నాయి. చివరికి అమ్యూనిషన్ విడిభాగాలు కూడా. అంటే ఖాళీ గ్రెనేడ్ తొడుగు కూడా ఆ మాటల కిందికి వస్తుందని పోలీసులు వాదించవచ్చు. లైసెన్సు లేకుండా అమ్యూనిషన్ దగ్గర ఉంచుకోవడాన్ని మూడో సెక్షన్ నిషేధిస్తుంది.

45వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్నచిన్న విడిభాగాలకు చట్టం వర్తించదని అది చెబుతుంది. తెలియకుండా బ్యాగులో ఒక్క తూటా ఉండిపోయిన వ్యాజ్యాల్లో, "తెలిసి దగ్గర ఉంచుకున్నాడా లేదా" అన్న ప్రశ్న మీద హైకోర్టులు కేసులు కొట్టేసిన సందర్భాలూ ఉన్నాయి. కానీ ఆలోచించండి. ఆ తీర్పు చేతికొచ్చేలోపు ఆ మనిషి స్టేషనుకు, కోర్టుకు ఎన్నిసార్లు తిరిగి ఉంటాడు? పైగా, సేకరించేవాడు "నాకు తెలియదు" అనలేడు. తెలిసే ఉంచుకుంటాడు. అది అతని హాబీ.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇండియాలో ఉంటే వస్తువుల జోలికి పోకండి. రిటైరైన సైనికాధికారుల ఇళ్లలో ఇత్తడి షెల్ కేసు పూలకుండీ చూసే ఉంటారు. అవి రెజిమెంటు లాంఛనంగా బహూకరించిన జ్ఞాపికలు. వాటిని ఇచ్చినట్టు కాగితం ఉంటే జాగ్రత్తగా దాచుకోవాలి. అంతకుమించి ఏదైనా మీ ఇంట్లో ఉంటే, క్రిమినల్ కేసులు చూసే వకీలును ఒకసారి కలవండి. ఇంకొకటి కూడా గుర్తుంచుకోండి. మొదటి ప్రపంచ యుద్ధపు వస్తువులకు నూరేళ్లు దాటాయి. దేశంలో ఉన్న అలాంటి చారిత్రక వస్తువు 1972 నాటి పురావస్తు చట్టం కిందికి రావచ్చు. అప్పుడు దాన్ని అనుమతి లేకుండా విదేశానికి పంపడం కూడా నేరమే.

మేం అమెరికాలో, బ్రిటన్‌లో ఉంటున్నాం. అక్కడ సంగతేంటి?

బ్రిటన్‌లో మందు, ప్రైమర్ (తూటా అడుగున ఉండి, సూది దెబ్బకు మందును అంటించే చిన్న భాగం) లేని ఖాళీ కేసులు కొనడానికి సర్టిఫికెట్ అక్కర్లేదు. మిలిటేరియా ఫెయిర్‌లలో (పాత సైనిక వస్తువుల సంతల్లో) బల్లల మీద వరసగా పేర్చి అమ్ముతారు. కానీ ఒక మెలిక ఉంది. 1968 ఫైర్‌ఆర్మ్స్ చట్టం ఐదో సెక్షన్ కింద, కవచాన్ని చీల్చే తూటాలే కాదు, మందు లేకుండా విడిగా ఉన్న వాటి మొనలు (తుపాకీలోంచి దూసుకెళ్లే భాగాలు) కూడా నిషేధిత జాబితాలో ఉన్నాయి. తూటా నిర్వీర్యమైనదే అయినా మొన రకాన్ని బట్టి మీరు చిక్కుల్లో పడొచ్చు.

అమెరికాలో ఫెడరల్ చట్టం ప్రధానంగా చూసేది లోపల ఉన్న మందునే. పావు ఔన్సు కంటే ఎక్కువ పేలుడు మందు ఉన్న గుండు "డిస్ట్రక్టివ్ డివైస్" అవుతుంది. ఖాళీదానికి ఆ ఇబ్బంది లేదు. అయితే రాష్ట్రానికో చట్టం, కొన్నిచోట్ల ఊరికో నిబంధన ఉంటాయి. వీసా మీద ఉన్నవాళ్లకు ఒక మాట: పక్కింటివాళ్లు కిటికీలోంచి గ్రెనేడ్ చూసి పోలీసులకు ఫోన్ చేస్తే, అది ఖాళీదని తేలేలోపే మీ వీధి వీధంతా ఖాళీ చేయిస్తారు. కిటికీ దగ్గర, కారు డ్యాష్‌బోర్డు మీద, ఆఫీసు బల్ల మీద ఇలాంటివి పెట్టొద్దు.

ఒక వస్తువు నిర్వీర్యమైనదని ఎలా తెలుస్తుంది?

నా దృష్టిలో ఈ హాబీ అంతా ఈ ఒక్క ప్రశ్న మీదే నిలబడి ఉంది. నేను పాటించే నియమం ఇది: లోపల ఏమీ లేదని కళ్లతో చూడగలిగితేనే అది ఖాళీది. చూడలేకపోతే, అమ్మేవాడు ఎంత పెద్దమనిషైనా సరే, అది లైవ్ (మందు ఉన్నది) కిందే లెక్క.

ఖాళీ కేసు విషయంలో ఇది సులువు. మూతి తెరిచే ఉంటుంది, లోపలికి టార్చి వేసి చూడొచ్చు. అడుగున ప్రైమర్ తీసేసిన రంధ్రం ఉంటే ఇంకా మంచిది. మొన బిగించి ఉన్న పూర్తి తూటాతోనే తంటా. ప్రైమర్ మీద సూది దెబ్బ గుర్తు ఉంటే "పేలిపోయింది" అనుకుంటారు. మొన ఇంకా దాని చోట దాన్నే అంటిపెట్టుకుని ఉందంటే అది పేలలేదు. కొట్టినా పేలని తూటా అది. మందు లోపలే ఉండొచ్చు. డ్రిల్ రౌండ్లకు కేసు పక్కన రంధ్రాలో, నిలువు గాడులో ఉంటాయి. చేత్తో తడిమితేనే తెలిసిపోయేలా కావాలని అలా చేశారు.

"ప్రాక్టీస్" అన్న మాట చూసి మోసపోవద్దు. నీలం రంగు వేసిన శిక్షణ బాంబులు చాలావాటిలో, ఎక్కడ పడిందో పొగతో చూపించడానికి చిన్న పేలుడు కార్ట్రిడ్జ్ ఉంటుంది. శిక్షణ గ్రెనేడ్ల ఫ్యూజులు నిజంగానే పేలతాయి. అవి చిన్న పేలుళ్లే కావచ్చు, వేళ్లు పోవడానికి అవి చాలు. ట్రేసర్ గుండ్ల (వెళ్లే దారి వెలుగుతో కనబడేలా చేసిన గుండ్ల) అడుగున వెలుగు మందు మిగిలిపోయిన సందర్భాలూ ఉన్నాయి. ఫ్యూజుల విషయంలో నేనైతే లోపలి అమరిక కనబడేలా కోసినవి తప్ప ఇంకేవీ తీసుకోను.

వందేళ్ల నాటిది కదా, మందు ఎప్పుడో పాడైపోయి ఉంటుంది?

లేదు. కొన్ని మందులు పాతబడే కొద్దీ మరింత ప్రమాదకరమవుతాయి. మొదటి యుద్ధంలో చాలా దేశాలు గుండ్లలో పిక్రిక్ ఆమ్లం నింపాయి. అది లోహంతో కలిసి పిక్రేట్లు అనే లవణాలుగా మారుతుంది. వాటిలో కొన్ని రాపిడికి, దెబ్బకు తేలిగ్గా పేలిపోతాయి. అంటే, ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజు కంటే ఈరోజే ఆ గుండు ఎక్కువ ప్రమాదం.

2014 మార్చిలో బెల్జియంలోని ఈపర్ పట్టణంలో మొదటి యుద్ధం నాటి గుండు పేలి ఇద్దరు నిర్మాణ కూలీలు చనిపోయారు. అక్కడి పొలాల్లో ఏటా దున్నకాలు వస్తే ఇనుప గుండ్లు పైకి తేలుతూనే ఉంటాయి. బెల్జియం సైన్యంలో వాటిని ఏరి ధ్వంసం చేయడానికే ఒక దళం ఉంది. 2008లో అమెరికాలోని వర్జీనియాలో అంతర్యుద్ధం నాటి నౌకా ఫిరంగి గుండును శుభ్రం చేస్తుండగా అది పేలి ఒక సేకరణకర్త ప్రాణం పోయింది. ఆయన కొత్తవాడు కాదు, ఎన్నో గుండ్లను చూసి, శుభ్రం చేసిన అనుభవజ్ఞుడు. ఆ గుండు 1860ల నాటిది. దాదాపు 140 ఏళ్లు అది మందుతోనే ఉంది.

మన దేశంలోనూ ఈ కథ ఉంది. 2004లో ఘజియాబాద్ దగ్గర ఒక ఉక్కు కర్మాగారంలో, విదేశం నుంచి వచ్చిన పాత ఇనుములో కలిసివచ్చిన గుండ్లు పేలి కార్మికులు చనిపోయారు. దిగుమతి చేసుకునే ఇనుప తుక్కుకు తనిఖీ నిబంధనలు గట్టిపడింది ఆ తర్వాతే. ఫైరింగ్ రేంజుల చుట్టుపక్కల పాత ఇనుము ఏరుకుని బతికే పేదవాళ్లు చనిపోయారన్న వార్త ఇప్పటికీ ఎక్కడో ఓచోట వస్తూనే ఉంటుంది. ఆ వార్త చదివినప్పుడల్లా నాకు మనసు పాడవుతుంది. కిలో ఇత్తడి కోసం ప్రాణం పణంగా పెట్టాల్సిన పరిస్థితి అది.

లైవ్ తూటాను నేనే విప్పి ఖాళీ చేసుకోవచ్చా?

వద్దు. దీనికి ఇంకో జవాబు లేదు. యూట్యూబ్ చూసి చేయొద్దు, రిటైరైన స్నేహితుడితో చేయించొద్దు.

తాతగారి ట్రంకుపెట్టెలో ఒక గుండు దొరికింది. ఏం చేయాలి?

ఎక్కడుందో అక్కడే వదిలేయండి. ఊపడం, తుడవడం, బరువు చూడటం, బైక్ మీద పెట్టుకుని స్టేషనుకు తీసుకెళ్లడం, ఏవీ చేయొద్దు. దూరం నుంచి ఫోటో తీయండి, పిల్లల్ని బయటికి పంపండి, 112కు ఫోన్ చేయండి. పోలీసులు బాంబ్ స్క్వాడ్‌ను పిలుస్తారు. మీరే కబురు చేశారన్న సంగతి రికార్డులో ఉంటుంది కాబట్టి చట్టపరంగానూ మీకు అదే మేలు. పొలంలో, బావి తవ్వకంలో, చెరువు పూడికలో దొరికినా ఇంతే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దేంతో మొదలుపెట్టాలి?

చట్టం ఒప్పుకునే దేశంలో ఉంటే, నా సలహా బ్రిటిష్ 18 పౌండర్ ఫిరంగి ఖాళీ ఇత్తడి కేసు. మొదటి యుద్ధపు పడమటి రంగంలో (ఫ్రాన్స్, బెల్జియంలలో) ఆ ఫిరంగి దాదాపు 10 కోట్ల గుండ్లు పేల్చింది. అందుకే కేసులు ఇప్పటికీ విరివిగా దొరుకుతాయి, ధర కూడా అందుబాటులో ఉంటుంది. మూరకు తక్కువ పొడవు, చేతిలో పట్టే లావు. దాన్ని తిరగేసి కిటికీ వెలుతురులో పెట్టి చూడండి. మధ్యలో ప్రైమర్ కూర్చునే గుంత. చుట్టూ తయారీదారు గుర్తు, లాట్ నంబరు, సంవత్సరం. పక్కనే సీ, ఎఫ్ అక్షరాలు: పూర్తి మోతాదు కార్డైట్ (పొగ తక్కువగా వచ్చే మందు) అని అర్థం. ఒకసారి పేల్చిన కేసును యుద్ధరంగం నుంచి వెనక్కి తెచ్చి మళ్లీ నింపేవారు. ఆ అదనపు ముద్రలు చూస్తే అది ఎన్నిసార్లు ముందుకు వెళ్లి వచ్చిందో అంచనా వేయొచ్చు. సంవత్సరం 1915 అయితే, అది బ్రిటన్‌లో గుండ్ల కొరత ప్రభుత్వాన్నే కుదిపేసిన ఏడు. ఆ తర్వాత లక్షల మంది ఆడవాళ్లు మందుగుండు ఫ్యాక్టరీల్లో చేరారు. టీఎన్‌టీ పేలుడు మందు నింపే పనిలో వాళ్ల చర్మం పసుపు రంగుకు తిరిగేది. ఇంత కథ అరచేతి వెడల్పు ఇత్తడి మీద ఉంది.

ఫ్రెంచి 75 మిల్లీమీటర్ల కేసు కూడా మంచి మొదలే. సైనికులు వాటి మీద ఆకులు, పువ్వులు, ఊళ్ల పేర్లు చెక్కేవారు. చెక్కినవి కొనేటప్పుడు జాగ్రత్త, నిన్నమొన్న చెక్కినవీ ఉంటాయి.

తూటా అడుగున ముద్ర ఎలా చదవాలి?

మన పోలీసుల చేతుల్లో మనమంతా చూసిన త్రీనాట్‌త్రీనే తీసుకుందాం. 1888లో వచ్చిన ఈ తూటాకు 1910లో మొనదేలిన ఏడో మార్క్ (నమూనా) గుండు అమర్చారు. దాని అడుగున సాధారణంగా మూడు వివరాలుంటాయి: ఎక్కడ తయారైంది, ఏ సంవత్సరం, ఏ మార్క్. ఆర్ ఎల్ అంటే వూలిచ్‌లోని రాయల్ లాబొరేటరీ. ఒక్క కే అంటే బర్మింగ్‌హామ్ కైనాక్. ఆర్ జీ అంటే రాడ్‌వే గ్రీన్. కే, ఎఫ్ అక్షరాల మధ్య చిన్న బాణం గుర్తు కనబడిందంటే అది పుణె దగ్గరి కిర్కీ ఫ్యాక్టరీలో పుట్టింది. మనం ఇప్పుడు ఖడ్కీ అంటున్న ఊరు. అక్కడి అమ్యూనిషన్ ఫ్యాక్టరీ 1869 నుంచి ఉంది. డీ ఎఫ్ అంటే కలకత్తా పక్కన డమ్‌డమ్. మొన విచ్చుకునే తూటాలకు ఆ ఊరి పేరే లోకమంతా స్థిరపడిపోయింది. 1899 హేగ్ సమావేశం ఆ రకం తూటాలను యుద్ధంలో వాడొద్దని ప్రకటించింది. ఇక ఈ తూటాల్లో నింపిన కార్డైట్ కోసం నీలగిరుల్లోని అరువంకాడులో ఒక ఫ్యాక్టరీ పెట్టారు.

ప్రైమర్ చుట్టూ సన్నటి రంగు గీత ఉంటే దాన్నీ చూడండి. బ్రిటిష్ పద్ధతిలో ఊదా రంగు మామూలు గుండు, ఎరుపు ట్రేసర్, ఆకుపచ్చ కవచాన్ని చీల్చేది, నీలం నిప్పంటించేది.

జర్మన్ తూటాల పద్ధతి వేరు. రెండో యుద్ధంలో ఫ్యాక్టరీ పేరు దాచడానికి కోడ్ అక్షరాలు వేశారు. మాగ్డెబర్గ్‌లోని పోల్టె ఫ్యాక్టరీకి ఏ యూ ఎక్స్. ఎస్ టీ అని ఉంటే ఇత్తడి కాదు, ఉక్కు కేసు. రాగి కరవు ఆ రెండక్షరాల్లో కనబడుతుంది.

"అల్లూరి సీతారామరాజు కాలం తూటా" అని ఒకతను అమ్ముతున్నాడు. నమ్మొచ్చా?

కొనడం సంగతి పైన చెప్పేశాను, వద్దు. నమ్మకం సంగతి మాత్రం చూద్దాం. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద దాడి చేసి రాజు దళం తుపాకులు, తూటాలు పట్టుకెళ్లిన మాట నిజం. కానీ ఒక తూటాను ఆ ఘటనతో కలపాలంటే కథ సరిపోదు. అడుగున 43 అని ఉంటే అది 1943లో తయారైంది, అక్కడితో ఆ బేరం ముగిసింది. ముద్రలో ఏడాది 1922కి ముందుదే అయినా అది ఆ మన్యంలో ఉందని రుజువు కాదు, ఉండే అవకాశం ఉందని మాత్రమే. ఏ చేతి నుంచి ఏ చేతికి వచ్చిందో కాగితం మీద ఉండాలి. అలాంటి కాగితం ఉన్న వస్తువైతే దాని చోటు మ్యూజియం.

ఇత్తడి కేసును చింతపండుతో తోమొచ్చా?

దయచేసి తోమొద్దు. చింతపండు, పీతాంబరి, బ్రాసో, ఏదైనా సరే, తోమిన కొద్దీ ముద్రల అంచులు అరిగిపోతాయి. నల్లబడిన ఆ పై పొరే వస్తువు వయసుకు సాక్ష్యం. మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచి, పలచగా మైక్రోక్రిస్టలైన్ మైనం రాస్తే చాలు. సీసం మొనలున్న వాటిని ఓక్ చెక్క సొరుగుల్లో మాత్రం పెట్టొద్దు. ఆ చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లటి పొడిగా రాలిపోతుంది. ఆ పొడి విషం. ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి, చిన్నపిల్లలకు అందనివ్వొద్దు.

అమోనియా ఉన్న క్లీనర్లను దగ్గరికే రానివ్వొద్దు. దీని వెనక మన దేశంలో జరిగిన కథ ఉంది, నాకు చాలా ఇష్టమైనది. పందొమ్మిదో శతాబ్దంలో భారత్‌లోని బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో నిల్వ చేసేది. వానలు వెలిశాక తీసి చూస్తే ఇత్తడి కేసులు పగిలి ఉండేవి. ఎవరూ ముట్టుకోలేదు, దెబ్బ తగల్లేదు. కారణం 1921లో గానీ తేలలేదు. కేసును సాగదీసి తయారుచేసినప్పుడు లోహంలో బిగువు మిగిలిపోతుంది. గుర్రాల మూత్రం నుంచి గాల్లోకి చేరిన అమోనియా ఆ బిగువున్న చోట ఇత్తడిని చీల్చేసింది. దీనికి విరుగుడు ఏమిటంటే, తయారీలోనే కేసును కాస్త వేడిచేసి ఆ బిగువు సడలించడం. ఇప్పటి సైనిక తూటాల మెడ దగ్గర నీలి గోధుమ ఛాయ కనబడుతుంది కదా, అది ఆ వేడి మిగిల్చిన మచ్చే.

విమానంలో తీసుకెళ్లొచ్చా? పోస్టులో పంపొచ్చా?

విమానంలో వద్దు. అమెరికాలో గ్రెనేడ్ నమూనాలు చేతి సంచిలోనూ, చెక్-ఇన్ సామానులోనూ నిషేధం. ఇండియా విమానాశ్రయాల్లో ఒక్క తూటా దొరికినా ఎఫ్‌ఐఆర్ దాకా వెళుతుంది. యుద్ధభూములు చూసి లండన్‌కు యూరోస్టార్ రైల్లో తిరిగొచ్చేవాళ్లూ పాత గుండ్లు సంచిలో వేసుకురాకూడదు. ఇలాంటి సంచుల వల్ల స్టేషన్లే ఖాళీ చేయించిన సందర్భాలున్నాయి. ఇండియాకు బహుమతిగా తేవడం గురించి అసలు ఆలోచించకండి. పోస్టు, కొరియర్ నిబంధనలు సంస్థను బట్టి మారతాయి, ముందే రాతపూర్వకంగా అడగండి.

యుద్ధభూమిలో నేలమీద పడి ఉన్నది తీసుకుంటే తప్పేమిటి?

ప్రమాదం సంగతి చెప్పాను. ఫ్రాన్స్‌లో అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్‌తో చారిత్రక వస్తువుల కోసం వెతకడం నేరం కూడా. దానికి మించి, వెర్డన్ లాంటి చోట మట్టిలో ఇంకా మనుషులున్నారు. దొరకని సైనికుల ఎముకలు ఇప్పటికీ బయటపడుతుంటాయి. వాళ్లను గుర్తుపట్టడానికి పక్కనే ఉన్న బొత్తాం, బకిల్, తూటా ఆధారమవుతాయి. అక్కణ్నించి ఒక ముక్క తీసుకెళితే ఒక కుటుంబానికి దక్కాల్సిన జవాబును తీసుకెళ్లినట్టే.

మనుషుల్ని చంపే వస్తువుల మీద ఈ మోజేమిటి?

మా అమ్మ కూడా ఇదే అడిగింది. నేను చెప్పగలిగింది ఇది. యుద్ధాల లెక్కలు, ఒప్పందాలు, ప్రసంగాలు అన్నీ పుస్తకాల్లో ఉంటాయి. ఆ యుద్ధాలను చేతులతో చేసినవాళ్లు మాత్రం చాలావరకు ఈ ముద్రల్లోనే మిగిలారు. బ్రిటిష్ మిల్స్ గ్రెనేడ్ 36 నంబరు పక్కన ఎమ్ అక్షరం మెసొపొటేమియా (ఇప్పటి ఇరాక్) వేడికి, తేమకు లక్కతో మూసి చేసిన రకమని చెబుతుంది. ఆ రంగంలో భారతీయ సైనికులు పెద్ద సంఖ్యలో ఉన్నారు, మద్రాస్ సాపర్లు (సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే దళం) కూడా వాళ్లలో ఉన్నారు. ముళ్లకంచెలు పేల్చే బెంగళూరు టార్పెడో ఆ మద్రాస్ సాపర్ల దళంలోనే 1912లో పుట్టింది. ఆ దళంలో తెలుగువాళ్లున్నారు. వాళ్లు రాసుకున్న డైరీలు మనకు దాదాపు లేవు. కాబట్టి వస్తువులనైనా సరిగ్గా చదవాలి.

ఆయుధాన్ని చూసి ఒళ్లు పులకరించేవాళ్లు ఈ హాబీలోకి రారని అనను, వస్తారు. వాళ్లతో నేను వస్తువులు మార్చుకోను.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్నాను. ఏమీ కొనకుండా ఏం చేయొచ్చు?

చాలా చేయొచ్చు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆనాటి బాంబు ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. అదే రోడ్డులో కురుసుర జలాంతర్గామి లోపలికి వెళితే టార్పెడో గొట్టాల పక్కన నిలబడొచ్చు. గోల్కొండ బురుజు మీద 1687 ముట్టడిలో ఔరంగజేబు సైన్యం వాడిన ఫతే రాహ్‌బర్ ఫిరంగి ఉంది. హైదరాబాద్ గన్‌ఫౌండ్రీకి ఆ పేరు వచ్చింది నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ పెట్టించిన ఫిరంగుల కార్ఖానా వల్లే. చెన్నై వెళితే 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ పేల్చిన గుండ్ల ఆనవాళ్ల గురించి అడగండి, హైకోర్టు గోడ దగ్గర ఫలకం ఉంది.

వెళ్లినచోట అనుమతి తీసుకుని ముద్రలు ఫోటో తీయండి. వెలుతురు పక్క నుంచి పడాలి, సూటిగా పడితే అక్షరాలు కనబడవు. కొలతలు, తేదీ, చోటు రాసుకోండి. మీ ఇంట్లో, ఊళ్లో మాజీ సైనికులుంటే వాళ్లు వాడిన వాటి పేర్లు, గుర్తులు అడిగి రికార్డు చేయండి. ముందుగా 1962, 1965, 1971 యుద్ధాలు చూసినవాళ్లను కలవండి, వాళ్ల వయసు ఇప్పుడు ఎనభై దగ్గర్లోనో, అంతకు పైనో ఉంటుంది.